ముల్లు లేని విందు

“ఇన్ని చేపలు పెట్టారు, ఒక్కదానికీ ముల్లు లేదేంట్రా?” అంది అమ్మ.

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద పెద్ద హోటల్. మే నెల, ఆదివారం రాత్రి. హైదరాబాద్ నుంచి వచ్చిన చెల్లెలు శనివారమే వెళ్దామంది గానీ అమ్మ శనివారం నీచు ముట్టదు. అందుకని ఆదివారానికి జరిపాం. పెద్దవాళ్లం ఏడుగురం, ఎనిమిదేళ్ల మేనకోడలు ఒకతి. అమ్మకి డెబ్బై ఆరు. కాకినాడ జగన్నాథపురంలో పుట్టి పెరిగిన మనిషి. చేపముల్లు నాలుకతోనే ఏరి కంచం అంచున పేర్చేస్తుంది. ఆవిడ మాటకి అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే హోటల్ సీఫుడ్ బఫే గుట్టంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందనిపించింది.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఎగుమతి రొయ్యల ప్లాంటుల్లో క్వాలిటీ విభాగంలో ఇరవై మూడేళ్లు చేశాను. తెల్ల గమ్‌బూట్లు, నెత్తికి వలటోపీ, చేతిలో థర్మామీటర్. అందుకే మా ఇంట్లోవాళ్లకి నాతో హోటల్‌కి రావాలంటే భయం. “మీరు తినండి చాలు, తనిఖీ చెయ్యకండి” అని మా ఆవిడ కారులోనే మాట తీసుకుంది. నేను మాటిచ్చాను. సూప్ దాకా నిలబెట్టుకున్నాను కూడా.

ఇక ముల్లు సంగతి. బఫేలో మనిషి నిలబడి, మాట్లాడుతూ, పక్కవాడి ప్లేటులోకి చూస్తూ తింటాడు. అలాంటివాడి గొంతులో ముల్లు గుచ్చుకుంటే హోటల్‌కి ఎంత తలనొప్పో ఊహించండి. అందుకని షెఫ్ చేప రుచి చూసే ముందు దాని ముల్లు చూస్తాడు. వంజరం వస్తుంది, ఎందుకంటే నడుమ వెన్నుముల్లు తీసేస్తే మిగతాదంతా కండే. పండుగప్ప వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా బాసా వస్తుంది. ఫిష్ ఫింగర్, ఫిష్ టిక్కా, తెల్ల సాసులో మెత్తగా పడుకున్న ముక్క, ఇవి చాలాచోట్ల బాసాయే. పేరు విని ఏదో సముద్రం దాటొచ్చిన చేప అనుకుంటారు. అసలు పేరు పంగాసియస్. మన కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే చేప. అక్కడ రైతుల నోట్లో అది ‘ఫంగస్’ అయిపోయింది. ఆ పేరుతో బోర్డు పెడితే ఎవరూ తినరు కాబట్టి హోటల్ వాళ్లు బాసా అంటారు. చెడ్డ చేపేమీ కాదు. నీచువాసన తక్కువ, తెల్లగా ఉంటుంది, ముక్క విరగదు. కానీ వంజరం తిన్నామనుకుని బాసా తిని రావడం వేరే సంగతి.

మరి కవళ్లు, నెత్తళ్లు? అవి హార్బర్ పక్కనే ఉన్న హోటల్లోకి కూడా గుమ్మం దాటి రావు. పులస సంగతి సరేసరి. గోదావరికి ఎర్రనీళ్లొచ్చినప్పుడు పుస్తెలమ్మే మాట దాకా వెళ్లే చేప, దానికి ఒంటినిండా ముళ్లే. దాన్ని తినాలంటే కూర్చోవాలి, నోరు మూసుకోవాలి, అన్నం కలిపిన చేతి వేళ్లతో తడమాలి. బఫేలో ఈ మూడూ కుదరవు.

పులుసు గురించి ఇంకో ముక్క. చేపల పులుసులో గరిటె పెట్టకూడదని మన వంటింట్లో చిన్నపిల్లకి కూడా తెలుసు. గిన్నె రెండు అంచులూ గుడ్డతో పట్టుకుని కుదపాలి. బఫేలో మూత తెరిచిన ప్రతివాడూ గరిటె అడుగుదాకా దించి ముక్క కోసం వెతుకుతాడు. ఏడున్నరకి ముక్కలుగా ఉన్నది తొమ్మిదింటికి గుజ్జు. ఆ రాత్రి మేము చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. పులుసులో తలకాయ ముక్క ఒక్కటే ఆకారంతో మిగిలింది. అది అమ్మకి దక్కింది. ఆ పూట ఆవిడకి కాస్త ముల్లు తగిలింది అందులోనే.

రొయ్యల దగ్గర మాత్రం నా మాట తప్పాను. ప్లాంటులో పనిచేసినవాడికి రొయ్య కనిపిస్తే ముందు నోటికొచ్చేది కౌంట్. చెరువు గట్టున కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఎగుమతి ప్యాకెట్ మీద 26/30 అని ఉంటే పౌనుకి ఇరవై ఆరు నుంచి ముప్ఫై అని. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. బఫేలో గ్రిల్ మీద తోకతో సహా కాల్చి, మనిషి నిలబడి లెక్కగా వడ్డించేది పెద్ద కౌంట్. మనంతట మనం వడ్డించుకోమని వదిలేసిన ఫ్రైడ్ రైస్‌లోదీ మంచూరియాలోదీ చిన్న కౌంట్. మనిషి నిలబడ్డ చోట ఖరీదైన సరుకుందని గుర్తు.

ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ఉండేది వనామీ. అది మన రొయ్య కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. 1990లలో తెల్లమచ్చ వైరస్ మన టైగర్ రొయ్యని చావుదెబ్బ కొట్టింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక ఆంధ్రా చెరువులన్నీ దాని వైపు మళ్లాయి. ఆ హోటల్లో నేను చూసిన బోర్డు మీద ‘సముద్రపు రొయ్య’ అని రాసుంది. చేతిలోకి తీసుకుని చూస్తే చెరువు వనామీయే. నేను ఏమీ అనలేదు. మా ఆవిడ నావైపే చూస్తోంది.

ఉడుకు తెలుసుకోవడానికి థర్మామీటర్ అక్కర్లేదు. నెలవంకలా వంగితే రొయ్య సరిగ్గా ఉడికినట్టు. సున్నాలా చుట్టుకుంటే రబ్బరే. మూత కింద గంటసేపు ఆవిరికి మగ్గిన రొయ్యలన్నీ సున్నాలే. గాజుముక్కలా తళతళలాడుతూ పంటికింద జారిపోయే రొయ్య ఇంకో రకం. నీరు పట్టి ఉంచడానికి ఫాస్ఫేట్ నీళ్లలో నానబెట్టిన సరుకది. బరువు ఉంటుంది, రుచి ఉండదు.

ప్లాంటు రోజుల్లో సరుకు చూడ్డానికి జపాన్ నుంచి కొనుగోలుదారులు వచ్చేవాళ్లు. ఒకాయన్ని కాకినాడలో హోటల్‌కి తీసుకెళ్తే, బఫే బల్ల చూసి ‘వైకింగ్’ అన్నాడు. ఆ దేశంలో బఫేకి అదే పేరట. టోక్యో ఇంపీరియల్ హోటల్ వాళ్లు స్కాండినేవియా పద్ధతి చూసొచ్చి 1958లో తినగలిగినంత తినే బల్ల మొదలుపెట్టారు. అదే ఏడాది వచ్చిన వైకింగ్స్ సినిమా పేరే దానికి అంటుకుంది. ఓడల్లో వచ్చి దోచుకుపోయే జాతి పేరు బఫేకి పెట్టడంలో ఏదో న్యాయం ఉందనిపించింది నాకు. ఆదివారం రాత్రి గ్రిల్ దగ్గర మా బామ్మర్దిని చూస్తే మీరూ ఒప్పుకుంటారు.

గ్రిల్ దగ్గర కుర్ర షెఫ్‌ని అడిగాను, వంజరం ఎక్కడిదని. మొహమాటపడకుండా చెప్పాడు: “కొచ్చి నుంచి సార్. మన బోట్లు లేవుగా.”

ఆ జవాబుతో ఆ హోటల్ మీద గౌరవం కలిగింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మరబోట్లు, మోటారు పడవలు కదలకూడదు. తెడ్డూ తెరచాపా ఉన్న చిన్న పడవలకి మినహాయింపు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అంటే జూన్ మొదటి పద్నాలుగు రోజులూ రెండు తీరాల్లోనూ పెద్ద బోట్లు చాలావరకు ఒడ్డునే ఉంటాయి. పిల్లల సెలవులూ, సీఫుడ్ ఫెస్టివల్ ఫ్లెక్సీలూ సరిగ్గా మన నిషేధం రోజుల్లోనే. అప్పుడు బల్ల మీదున్న సముద్రపు చేప చాలావరకు కోల్డ్ స్టోరేజీదో దూరపు ఐసు లారీదో అయుంటుంది. అది తప్పని నేననను. మైనస్ నలభైలో గడ్డకట్టించి, మైనస్ పద్దెనిమిదిలో దాచిన రొయ్య, ఎండలో బుట్టలో తిరిగిన ‘తాజా’ రొయ్య కన్నా వెయ్యిరెట్లు నయం. అడిగినప్పుడు నిజం చెప్పాలి, అంతే.

చల్లదనం విషయంలో మాత్రం నేను మొండివాణ్ని. దానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం వేరే ఊళ్లో ఒక హోటల్ బఫేలో మా బావగారు ట్యూనా సలాడ్ తిన్నారు. “కాస్త మిరియం ఘాటుగా ఉంది, బాగుంది” అన్నారు. అరగంటలో మొహం, మెడ కుంకుమ పూసినట్టు ఎర్రబడ్డాయి. తలనొప్పి, గుండెదడ. ఆస్పత్రికి పరిగెత్తాం. మాత్ర వేశాక తగ్గింది. అది చేప పడకపోవడం కాదు. ట్యూనా, కానాగంత లాంటి చేపల్ని పట్టాక చల్లగా ఉంచకపోతే బ్యాక్టీరియా చేరి కండలో హిస్టమిన్ తయారవుతుంది. తర్వాత ఎంత ఉడికించినా, ఎంత గడ్డకట్టించినా అది పోదు. వాసనకీ దొరకదు. ఈ సంగతి ఎంత చెప్పినా బావగారు రెండేళ్లు చేప ముట్టలేదు. ఇప్పటికీ ట్యూనా వైపు చూడరు.

అందుకే సలాడ్ కౌంటర్ దగ్గర నా చూపు ముందు ఐసు మీదికి పోతుంది. ఐసు కరిగి ట్రేలో నీళ్లు నిలిస్తే అక్కడ ఏం పెట్టినా నాకొద్దు. వేడి పదార్థం అరవై డిగ్రీల పైన, చల్లటిది అయిదు డిగ్రీల లోపు ఉండాలన్నది లెక్క. మీరు కొలవలేరు. మూత తీసినప్పుడు ఆవిరి మొహానికి కొట్టాలి, ఐసు మీది గిన్నె ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనాలి. ఇంట్లో ఎవరికైనా రొయ్యలు పడకపోతే మాత్రం బఫే మానుకోండి. ఒకే గరిటె పది గిన్నెల్లో తిరుగుతుంది, ఒకే నూనెలో అన్నీ వేగుతాయి.

మేనకోడలు ప్లేటు నిండా క్రాబ్ స్టిక్స్ తెచ్చుకుంది, ఎర్రగా తెల్లగా చాక్‌పీసుల్లా ఉన్నాయని. “పీత తింటున్నా అమ్మమ్మా” అంది. అందులో మామూలుగా పీత ఉండదు. తెల్లచేపల కండని కడిగి, రుబ్బి, పిండిముద్ద చేసి, రంగూ వాసనా చేర్చి పోతపోస్తారు. ఆ ముద్దని సురిమి అంటారు. ఇది నేను చెప్పబోతుంటే అమ్మ లేచింది.

మసాలా పీతల గిన్నె దగ్గర ఎవరూ లేరు. ఉండరు కూడా. చొక్కా పాడవుతుంది, సెల్‌ఫోను పట్టుకోవడం కుదరదు, అరగంట కష్టపడితే గుప్పెడు కండ. అమ్మ రెండు పీతలు తెచ్చుకుంది. పక్కన పెట్టిన పట్టకారులాంటి పనిముట్టుని ఒకసారి చూసి దూరంగా జరిపింది. డిప్ప కింద బొటనవేలు దూర్చి ఒక్కసారి ఎత్తింది. లోపలి నూగులాంటి మొప్పల్ని చిటికెలో లాగి పారేసింది. ఒంటిని రెండుగా విరిచింది. డెక్కని న్యాప్‌కిన్‌లో చుట్టి, చెంచా వెనకవైపుతో రెండు దెబ్బలు వేసి, పెంకు పగిలిందో లేదో వేలితో తడిమి చూసుకుని, లోపలి కండ మొత్తం విరగకుండా ఒకే ముక్కగా బయటికి లాగింది. దాన్ని మేనకోడలి ప్లేటులో క్రాబ్ స్టిక్ పక్కన పెట్టింది. పిల్ల రెండూ తిని చూసింది. మూడోసారి అమ్మమ్మ ప్లేటులోంచే తీసుకుంది. అంతసేపూ అమ్మ ఒక్క ముక్కా తినలేదు. వేళ్లకంటిన మసాలా మాత్రం నాకింది.

బిల్లు: తలకి 1,800, పిల్లకి సగం. 13,500 అయింది. పన్ను 18 శాతం, 2,430. మొత్తం 15,930. రోజుకి 7,500 మించి గది అద్దె ఉండే హోటళ్లలో భోజనానికి ఆ పన్ను పడుతుంది. బయట మామూలు రెస్టారెంట్లో 5 శాతమే. ఫ్లెక్సీ మీద ధర పక్కన నలుసంత అక్షరాల్లో ‘ప్లస్ ట్యాక్సెస్’ అని ఉండేది ఇందుకే. సర్వీస్ చార్జి అంటూ ఇంకో వరస కలిపితే తీసెయ్యమనండి. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లే వెయ్యకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కట్టిన డబ్బంతా కడుపులోకి రాబట్టాలని బామ్మర్ది చేసిన ప్రయత్నం గురించి రాయను. రాత్రి రెండింటికి వాము నీళ్లు తాగాడని మాత్రం చెప్తాను.

సోమవారం పొద్దున్నే వీధిలోకి బుట్ట వచ్చింది. చిన్న పడవల కవళ్లు. అమ్మ కిలో తీసుకుంది. ఆ ఉదయం పులుసులో గరిటె ఎవరూ పెట్టలేదు. అందరం కింద కూర్చుని, మాటల్లేకుండా, ముళ్లు ఏరుకుంటూ తిన్నాం.

మీరు బఫేకి వెళ్తే జూన్ 14 దాటి, బోట్లు రెండు మూడుసార్లు వేటకెళ్లొచ్చేదాకా ఆగండి. ఏడింటికల్లా చేరండి. అన్నిటికన్నా ముందు పులుసు గిన్నె దగ్గరికి వెళ్లండి.