రక్తపు పోటు - అడ్రినల్ గ్రంథులు

గ్రామములలో రక్తపు పోటునకు మందు వాడువారు అనేకులు. వారిలో కొందరికి మూడు రకముల మాత్రలు క్రమము తప్పక మ్రింగినను పోటు దిగదు. పథ్యము చేయలేదని అట్టివారిని నిందించుట పరిపాటి. కాని లోపము రోగిదే కానక్కరలేదు. దానికి మూలము మూత్రపిండములపై నుండు రెండు చిన్న గ్రంథులలో ఉండవచ్చును.

వీటిని అడ్రినల్ గ్రంథులందురు. ఒక్కొక్కటి 4, 5 గ్రాముల బరువు మాత్రమే. లోపలి భాగమున అడ్రినలిన్ పుట్టును. భయము, కోపము కలిగినపుడు గుండె దడదడలాడుట దీని వలననే; ఆ ప్రభావము కొలది నిమిషములలో తగ్గును. వెలుపలి పొరలో పుట్టు ఆల్డోస్టిరోన్ పని వేరు. అది మూత్రముతో పోవలసిన ఉప్పును శరీరమున నిలిపి, పొటాషియమును వెలికి పంపును. ఉప్పుతోపాటు నీరు నిలుచును. నిండు కాలువలో నీరు గట్లను ఒత్తినట్లు, రక్తము నాళములను ఒత్తును.

1955లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోం కాన్ ఈ వ్యాధిని వివరించెను. పోటుతోపాటు కండరముల నీరసముతో బాధపడిన ఒక స్త్రీకి అడ్రినల్ గ్రంథిలోని గడ్డను తొలగింపగా ఆమె కోలుకొనెను. అరుదని తలచిన ఈ వ్యాధి పోటు గలవారిలో నూటికి 5 నుండి 10 మందికి ఉండునని నేడు తెలిసినది. రక్తపరీక్షతో దీనిని అనుమానించి, తదుపరి పరీక్షలతో నిర్ధారింతురు. ఒక గ్రంథియే కారణమైనచో శస్త్రచికిత్స, రెండును కారణమైనచో స్పైరనోలాక్టోన్ వంటి మందులు ఉన్నవి. ఉపేక్షించినచో పక్షవాతము, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి రావచ్చును.

మరియొక హెచ్చరిక. ఈ గ్రంథులలోనే పుట్టు కార్టిసాల్‌ను పోలిన స్టిరాయిడ్ మాత్రలను కీళ్లనొప్పులకు వైద్యుని సలహా లేక వాడువారు కలరు. వీటిని చాలకాలము వాడినచో పోటు హెచ్చును, గ్రంథులు పనిచేయుట తగ్గించును. అప్పుడు మాత్రలను హఠాత్తుగా మానుటయు ప్రాణాపాయమే. వైద్యుని సలహాతో క్రమక్రమముగా తగ్గింపవలెను.

పంచాయతీ సభ్యులారా! మీ వార్డులో 30 ఏండ్లు దాటిన ప్రతివారును పోటు చూపించుకొనునట్లు చేయుడు. మూడు మందులకు లొంగని పోటు గలవారిని, చిన్న వయసుననే పోటు వచ్చినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ద్వారా పెద్దాసుపత్రికి పంపింపుడు. రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని, ఊరగాయలోని ఉప్పు సైతము ఈ లెక్కలోనిదే యని ఇంటింటను తెలుపుడు. రోగిని నిందించుట మాని దారి చూపుటయే నిజమైన సేవ.