జన్యువు చెడలేదు, మూతపడింది

"డాక్టరుగారూ, ఇది మా పిల్లలకు కూడా వస్తుందా?" పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసిన రోజున చాలామంది తమ వైద్యం సంగతి కంటే ముందు ఇదే అడుగుతారు. దీనికి జవాబు వెదకడంలో తోడ్పడే పరీక్ష ఒకటుంది. దాని పేరు మిథైలేషన్ పరీక్ష. పేరు విని భయపడకండి, విషయం సులువే.

మనిషి డీఎన్ఏలో ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే జన్యువులు దాదాపు 20 వేలు. కంటిలోను, కాలేయంలోను ఉన్నవి ఆ జన్యువులే. మరి కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఎలా ఉన్నాయి? ప్రతి కణం తనకు అక్కరలేని జన్యువులను మూసి ఉంచుతుంది కాబట్టి. సృష్టికర్త చేసిన ఈ ఏర్పాటులో మిథైల్ అనే చిన్న రసాయనానికి ముఖ్యమైన పని ఉంది. జన్యువు మొదలయ్యే చోట ఇది ఎక్కువగా అంటుకుంటే కణం ఆ జన్యువును చదవలేదు, ప్రోటీన్ తయారు కాదు. కీర్తనల పుస్తకంలో రెండు పేజీలు జిగురుతో అతుక్కుపోయాయనుకోండి. పాటలో ఒక్క అక్షరం కూడా చెడలేదు, అయినా పాడలేం.

క్యాన్సర్ కణంలో ఈ మూతలు తారుమారవుతాయి. తెరిచి ఉండవలసిన కాపలా జన్యువులు మూతపడతాయి. వాటిలో ఎమ్ఎల్‌హెచ్1 ఒకటి. కణం రెండుగా విడిపోయే ముందు డీఎన్ఏకు నకలు తీస్తుంది. అందులో దొర్లే తప్పులను దిద్దడం దీని పని. ఇది మూతపడితే తప్పులు పేరుకుపోయి క్యాన్సర్‌కు దారి తీస్తాయి.

ఇక పిల్లల సంగతి. కణితి ముక్కలో ఎమ్ఎల్‌హెచ్1 ప్రోటీన్ కనబడకపోతే మిథైలేషన్ పరీక్ష చేస్తారు. మిథైల్ మూత కనబడితే, అది చాలావరకు వయసుతోపాటు ఆ పేగులోనే ఏర్పడినది, వంశంలో వచ్చినది కాదు. చిన్న వయసు రోగులలో మాత్రం అరుదుగా మినహాయింపులుంటాయి. మూత లేకపోతే జన్యువే పుట్టుకతో చెడి ఉండవచ్చు. అప్పుడు రక్తపరీక్ష అవసరం. లించ్ సిండ్రోమ్ అని తేలితే ఒక్కొక్క బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగం. సంక్రమించిన వారు సాధారణంగా 20, 25 ఏళ్ళ మధ్యనుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేయించుకోవాలి.

మూతను తీసే మందులు లేవా? ఉన్నాయి. అజాసిటిడిన్‌ను 2004లో, డెసిటాబిన్‌ను 2006లో అమెరికా అనుమతించింది. అయితే అవి ఎముక మజ్జకు వచ్చే కొన్ని జబ్బులకే బాగా పనిచేస్తున్నాయి, పేగు క్యాన్సర్‌కు కాదు. "జన్యువులను తెరిచే టానిక్" అని ఎవరైనా అమ్మజూపితే డబ్బు పోగొట్టుకోవద్దు.

మిథైలేషన్ పరీక్షకు సాధారణంగా మళ్ళీ ముక్క తీయనక్కరలేదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను ల్యాబువారు మైనపు దిమ్మలో భద్రపరచి ఉంచుతారు. వేరే ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులతోపాటు ఆ దిమ్మను కూడా అడిగి తీసుకువెళ్ళండి.