చలికాలానికి తోడు

ఢిల్లీలో స్కూళ్లకు చలి సెలవులు ఇవ్వగానే తెలుగువారి ఇంటి కబుర్లు ఎండలోకి వస్తాయి. పెరుగు తోడుకోవడం నుంచి కుంపటి ప్రమాదం దాకా కొత్తగా వచ్చినవారికి ఊరు నేర్పే బడి అదే. ఇప్పుడు ఆ ఎండకూ, ఆ స్థలానికీ, ఆ సెలవులకూ కూడా కరువొస్తోంది.

ఉదయం పదకొండు దాటింది. పొగమంచు వెనక నుంచి సూర్యుడు పాలిపోయిన మొహంతో బయటికొచ్చాడు. అంతే, పార్కులోకి ఒక్కొక్క చాపా దిగుతుంది. ఒకరి ఒడిలో బఠాణీల బుట్ట, మరొకరి చేతిలో సగం అల్లిన స్వెటర్. గోడ మీద రజాయిలు ఎండుతుంటాయి. పిల్లలు బ్యాట్లు పట్టుకుని చెట్ల మధ్య మాయమవుతారు. "మీ ఇంట్లో పెరుగు తోడుకుంటోందా వదినా?" అన్న ప్రశ్నతో సభ మొదలవుతుంది. జనవరి మొదటి పక్షంలో ఢిల్లీలో తెలుగు కుటుంబాలు నాలుగైదు ఒకచోట ఉన్న ఏ ప్రభుత్వ కాలనీలోనైనా ఏళ్ల తరబడి కనిపించిన దృశ్యమిది.

బయటివారికి ఇవి పొద్దుపోని కబుర్లు. పనిమనిషి రాలేదు, గీజర్ కాలిపోయింది, అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి, ఊరి నుంచి రావలసిన ఆవకాయ జాడీ రైల్లోనే ఉంది. కానీ ఆ చాప మీద కూర్చున్నవారికి అదే వార్తాపత్రిక, అదే సలహా కేంద్రం. ఎందుకంటే, తీరాంధ్ర నుంచో తెలంగాణ నుంచో వచ్చిన మనిషికి ఢిల్లీ చలి గురించి ఏ పుస్తకమూ చెప్పదు. ముందే వచ్చి వణికినవాళ్లే చెప్పాలి.

ఆ చలి మాటల్లో చెప్తే అర్థమయ్యేది కాదు. 2019 డిసెంబరు 30న ఢిల్లీలో పగటి ఉష్ణోగ్రతే 9.4 డిగ్రీలు దాటలేదు. 1901 నుంచి చూస్తే డిసెంబరులో అంత చల్లటి పగలు లేదని వాతావరణ శాఖ తేల్చింది. 2021 కొత్త సంవత్సరం రోజు తెల్లవారుజామున సఫ్దర్‌జంగ్‌లో 1.1 డిగ్రీలు నమోదైంది. ఇక్కడి ఇళ్లు ప్రధానంగా ఎండాకాలాన్ని తట్టుకోవడానికి కట్టినవి. నేల మొజాయిక్, గోడలు మంచుగడ్డలు. అందుకే జనవరిలో ఇంట్లో కన్నా బయట ఎండలోనే వెచ్చగా ఉంటుంది. వీధి వీధంతా బయటికి రావడానికి అసలు కారణం స్నేహం కాదు, చలి. స్నేహం ఆ తర్వాత వచ్చింది.

సెలవుల్లో పండగ

ఢిల్లీ స్కూళ్లకు శీతాకాలపు సెలవులు సాధారణంగా జనవరి 1 నుంచి 15 దాకా. చలి కోసం ఇచ్చిన ఈ సెలవులు తెలుగువారికి అయాచితంగా సంక్రాంతి సెలవులయ్యాయి. టికెట్లు దొరికినవాళ్లు ఊరెళ్తారు. దొరకనివాళ్లు, లేదా అమ్మాయికి పదో తరగతి బోర్డు పరీక్షలున్నవాళ్లు ఉండిపోతారు. ఎవరు వెళ్తున్నారన్నదే డిసెంబరు నెలంతా పెద్ద వార్త. వెళ్లేవారికి జాబితాలు అందుతాయి: గోంగూర పచ్చడి, కారప్పొడి, మామిడి తాండ్ర, "వీలైతే రెండు కిలోల సోనామసూరి."

ఆ తర్వాత వార్త రైలుది. ఒకప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్‌గా ఢిల్లీ తెలుగువారికి బంధువు లాంటి హైదరాబాద్ రైలు 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. అదే ఏడాది విశాఖపట్నం నుంచి ఏపీ పేరుతో మరో రైలు మొదలైంది. పేరు ఏదైనా జనవరిలో మంచు కమ్మితే రెండూ ఒకటే. ఆగ్రా దాటాక ఎక్కడ ఆగుతుందో, ఎన్ని గంటలు ఆగుతుందో చెప్పలేరు. స్టేషన్‌కు బయల్దేరే ముందు రైలెక్కడుందో కనుక్కోవడం, ఆలస్యమైన కుటుంబానికి పొరుగింట్లో అన్నం వండి ఉంచడం ఇక్కడి మర్యాదల్లో భాగం.

ఉండిపోయినవారి పండగ ఇంకో రకం. భోగి జనవరి 13న వచ్చిన ఏడాది అదే రోజు పంజాబీల లోహ్రీ. తెల్లవారుజామున తెలుగువారి మంట, రాత్రికి పంజాబీల మంట. పొద్దున "భాభీజీ"కి అరిసెలు వెళ్తే సాయంత్రం ఆ గిన్నెలోనే రేవడీ, వేరుశనగ వస్తాయి. రెండు పండగల్లోనూ ఉన్నవి నువ్వులూ బెల్లమే కాబట్టి అనువాదం అక్కర్లేదు. అయితే చెత్త, ఆకులు బయట తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించాక భోగిమంట కూడా చిన్నదైంది. చాలాచోట్ల నాలుగు పిడకలతో శాస్త్రం అనిపించి ఊరుకుంటున్నారు.

వంటింటి వాతావరణ శాఖ

చాప మీద చర్చల్లో అగ్రస్థానం పెరుగుదే. పాలు తోడుకోవాలంటే దాదాపు 40 డిగ్రీల వెచ్చదనం గంటల తరబడి నిలవాలి. జనవరిలో ఢిల్లీ వంటింట్లో పది నిమిషాలు నిలవదు. కొత్త కాపురం పెట్టిన అమ్మాయి వారం రోజులు పాలనే మజ్జిగ అనుకుని పోసుకుంటుంది. అప్పుడు సలహాలు మొదలవుతాయి. తోడు రెండింతలు వెయ్యి. గిన్నెను శాలువాలో చుట్టు. ఆటా డబ్బాలో పిండి మధ్య గుచ్చి పెట్టు. హాట్‌కేస్‌లో పెట్టి మూత తియ్యకు. తొడిమ ఉన్న పచ్చిమిరపకాయ వేసి చూడు. ఏదీ పని చెయ్యకపోతే చివరికి పక్కింటి పిన్నిగారు గిన్నెడు గట్టి పెరుగు తోడుకిచ్చి పంపుతారు.

దోసెల పిండిదీ అదే కథ. రాత్రి రుబ్బింది పొద్దున్నకి పులవదు, మర్నాడు సాయంత్రానికి గానీ పొంగదు. కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. అది కల్తీ కాదనీ, 24 డిగ్రీల కన్నా చల్లబడితే గడ్డకట్టడం దాని స్వభావమనీ కొత్తవారికి చెప్పాలి. బదులుగా ఉత్తరాది నేర్పే పాఠాలున్నాయి. ఎర్ర క్యారెట్లు ఈ రెండు మూడు నెలలే వస్తాయి కాబట్టి హల్వా ఇప్పుడే చెయ్యాలి. బఠాణీలు చవగ్గా ఉన్నప్పుడే ఒలిచి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. గోబీ, గాజర్, శల్గమ్ కలిపి ఎండబెట్టి ఊరగాయ పెట్టాలి. ఇలా నేర్చుకున్న ఆవపిండి ఊరగాయ గోదావరి జిల్లాల ఇళ్లకు కూడా సూట్‌కేసుల్లో చేరింది.

అన్ని సలహాలూ రుచుల గురించే కాదు, కొన్ని ప్రాణాలకు సంబంధించినవి. ఇక్కడివారు అంగీఠీ అని పిలిచే బొగ్గుల కుంపటి వాటిలో మొదటిది. తలుపులూ కిటికీలూ మూసి కుంపటి పెట్టుకుని పడుకుంటే గదిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టేసుకుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి మెలకువ కూడా రాదు. 2024 జనవరి 14న, సరిగ్గా ఆ ఏటి భోగి నాడు, ఢిల్లీలోని అలీపూర్ ప్రాంతంలో ఒకే కుటుంబానికి చెందిన నలుగురు, ఇందర్‌పురిలో మరో ఇద్దరు గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని ప్రాణాలు కోల్పోయారు. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ కూడా అంతే ప్రమాదం. "రాత్రికి కుంపటి గదిలో ఉంచకమ్మా, కిటికీ కాస్త తెరిచి పెట్టు" అనే మాట ఏ సర్కారు ప్రకటన కన్నా ముందు చాప మీదే వినపడుతుంది. ఊళ్లో కుంపటి చుట్టూ కూర్చున్న అలవాటుతో వచ్చే పెద్దవాళ్లకు ఈ మాట మరీ అవసరం.

క్వార్టర్లు కలిపిన చుట్టరికాలు

ఈ చుట్టరికాలకు పునాది ఢిల్లీలో తెలుగువారు స్థిరపడిన తీరులోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర సర్కారు కొలువుల కోసం వచ్చినవారికి క్వార్టర్లు దొరికాయి గానీ పిల్లలకు తెలుగు చెప్పే బడి లేదు. రాజ్యాంగ సభ సభ్యురాలైన దుర్గాబాయి 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించడానికి ఆ లోటే కారణం. నేడు పింక్ లైన్ మెట్రోలో ఒక స్టేషన్‌కు ఆమె పేరుంది. 1961లో శ్రీ వెంకటేశ్వర కళాశాల వచ్చింది. గోల్ మార్కెట్ దగ్గరి తితిదే ఆలయంలో ధనుర్మాసపు తిరుప్పావై, ఐఎన్‌ఏ మార్కెట్‌లో ములక్కాడలు, ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో ఆదివారం బిర్యానీ ఆ తర్వాతి చిరునామాలు. రాష్ట్రం 2014లో రెండయింది, భవన్ ఆస్తుల పంపకం కూడా 2024లో తేలింది. పార్కులో చాప మాత్రం విభజన చట్టం పరిధిలోకి రాలేదు.

సంస్థలకు చిరునామాలుంటాయి, వార్షికోత్సవాలుంటాయి. స్నేహాలకు ఉన్నది ఒకే వాడలో పక్కపక్క గుమ్మాలు. సరోజినీ నగర్, నేతాజీ నగర్, ఆర్.కె.పురం లాంటి కాలనీల్లో రెండంతస్తుల ఇళ్లు, మధ్యలో పచ్చిక, చుట్టూ వేపా జామచెట్లు. గుమస్తా భార్యా, సెక్షన్ ఆఫీసర్ తల్లీ ఒకే ఎండలో కూర్చునేలా చేసిన ఘనత ఆ పచ్చికది. మూడేళ్లకో బదిలీ అయ్యే ఉద్యోగాల్లో ఆ కాస్త నేలే ఊరు.

తగ్గుతున్న ఎండ

ఆ నేలకే ఇప్పుడు కష్టకాలం. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ సహా ఏడు కాలనీల పునర్నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2016 జూలైలో ఆమోదం తెలిపింది. పాత ఇళ్లు 12,970. వాటి స్థానంలో 25,667 ఫ్లాట్లన్నది ప్రణాళిక. వేల చెట్లు కొట్టేయబోతున్నారని తెలిసి 2018 జూన్‌లో స్థానికులు చెట్లను కౌగిలించుకుని నిరసన తెలిపారు. హైకోర్టు నరికివేతను ఆపింది. ఇళ్ల కొరత నిజమే, పాత గోడలకు పెచ్చులూడటమూ నిజమే. కానీ ఖాళీ చేసిన కుటుంబాలు ద్వారకకో, నోయిడాకో, మయూర్ విహార్‌కో తలో దిక్కూ వెళ్లాయి. పక్కింటి నుంచి తెచ్చుకునే తోడు ఇప్పుడు రెండు మెట్రోలు మారి రావాలి.

ఇరవై అంతస్తుల టవర్లలో మరో చిక్కు. జనవరి సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు. ఎదురు టవర్ నీడ పడితే కింది అంతస్తులకు ఎండ గంటో రెండు గంటలో. బాల్కనీలో కుర్చీ ఒకటే పడుతుంది, కబుర్లకు కనీసం రెండు కావాలి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గాలిది. చలికాలంలో నేల దగ్గరి చల్లటి గాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోదు. వాయు నాణ్యత సూచీ 400 దాటితే 'తీవ్రం' అని లెక్క. అలాంటి రోజున ఉబ్బసం ఉన్న పెద్దవారిని ఎండలో కూర్చోమనడం కన్నా ఇంట్లో ఉండమనడమే మేలు. సెలవులు కూడా చలి చేతిలోంచి పొగ చేతిలోకి పోయాయి. 2023లో కాలుష్యం వల్ల ఢిల్లీ ప్రభుత్వం శీతాకాలపు సెలవుల్లో కొంత భాగాన్ని నవంబరు 9 నుంచి 18కి జరిపింది. ఫలితంగా జనవరి సెలవులు 1 నుంచి 6కు కుదించుకుపోయాయి. చలి ముదరడంతో చిన్న తరగతులకు మళ్లీ 12 దాకా పొడిగించారు. తర్వాత శని, ఆదివారాలు పోగా స్కూళ్లు తెరిచింది 15న, సంక్రాంతి రోజున. 2024 నవంబరులో పొగ మళ్లీ తరగతులను ఆన్‌లైన్‌కు తరిమింది. నవంబరు సెలవు పిల్లల్ని బయటికి పంపని సెలవు. అందులో చాప పరవడానికి వీల్లేదు.

దాంతో కబుర్లు ఫోన్లలోకి మారాయి. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్ స్కూళ్లకు సెలవులిచ్చేది మూడు వేర్వేరు ప్రభుత్వాలు కాబట్టి పొద్దున్నే వాట్సాప్‌లో మొదటి ప్రశ్న "మీకు పొడిగించారా?" అనే. దోసెల పిండి ఫొటోలు, గీజర్ మెకానిక్ నంబర్లు, ఊరెళ్లేవారి జాబితాలు అన్నీ అందులోనే. సమాచారం ముందు కన్నా వేగంగానే అందుతోంది. అందనిది ఒకటుంది. చాప మీద కూర్చున్న మనిషి నాలుగు రోజులు రాకపోతే ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. గ్రూపులో నాలుగు రోజులు మాట్లాడని మనిషిని ఎవరూ గమనించరు. భర్త ఆఫీసుకు, మనవలు ట్యూషన్‌కు వెళ్లాక మూసిన గదిలో హీటర్ ముందు, హిందీ రాక, ఒంటరిగా కూర్చునే పెద్దావిడకు ఈ తేడా బాగా తెలుసు.

అయినా గాలి కాస్త తేరుకుని ఎండ కాసిన ఆదివారం వస్తే పాత స్నేహితులు ఏ లోధీ గార్డెన్‌లోనో కలుస్తున్నారు. టిఫిన్ డబ్బాలు విప్పుతారు. నారింజలు ఒలుస్తారు. ఎవరి కోడలికి ఎన్నో నెలో, ఎవరింట్లో వంట గ్యాస్ అయిపోయిందో, మరిది గారి ఆపరేషన్ ఎలా జరిగిందో వరసగా తెలుసుకుంటారు. సాయంత్రం నాలుగింటికి ఎండ చెట్ల వెనక్కి జారుతుంది. శాలువాలు దులుపుకుని లేచేటప్పుడు ఒక సంచిలోంచి మరో సంచిలోకి గట్టిగా మూత బిగించిన చిన్న స్టీలు గిన్నె మారుతుంది. అందులో ఉన్నది రెండు చెంచాల పెరుగు. దాన్ని తెలుగువారు తోడు అంటారు. మనిషి పక్కన మనిషి ఉండటాన్నీ అదే మాటతో పిలుస్తారు.