కనబడని విద్యుత్ తీగల వద్ద పని భద్రత

భూమిలోను, గోడలలోను, స్లాబులలోను పైకి కనిపించకుండా అమర్చిన విద్యుత్ తీగల సమీపంలో తవ్వకం, దున్నకం, డ్రిల్లింగు వంటి పనులు చేసేవారు పాటించవలసిన జాగ్రత్తలను కనబడని విద్యుత్ తీగల వద్ద పని భద్రత అనవచ్చును. తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, బోరు మెకానిక్కులు, ట్రాక్టరు, జేసీబీ నడిపేవారు, తోటలలో గుంతలు తవ్వే కూలీలు ఈ ప్రమాదానికి ఎక్కువగా లోనవుతారు. ఈ జాగ్రత్తలన్నింటికి మూలం ఒక్కటే: తీగలో విద్యుత్తు లేదని అనుకోవడం వేరు, లేదని పరీక్షించి తెలుసుకోవడం వేరు.

నూజివీడు మామిడి తోటలలో

నూజివీడు ప్రాంతం రసాలకు, బంగినపల్లి, కలెక్టరు రకాల మామిడికి పేరు పొందినది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. ప్రస్తుతం నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు ఏలూరు జిల్లాలోను, వీటికి ఆనుకొని ఉన్న మామిడి మండలాలైన రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం ఎన్.టి.ఆర్. జిల్లాలోను ఉన్నాయి.

ఈ మెట్ట ప్రాంతపు తోటలలో నీటికి బోరుబావులు ముఖ్య ఆధారం. సబ్‌మెర్సిబుల్ మోటారు బోరులో ఉంటుంది. దాని స్టార్టరు డబ్బా కొంత దూరంలో, గట్టు మీదనో షెడ్డులోనో ఉంటుంది. ఈ రెండింటి మధ్య కేబులును చాలాచోట్ల భూమిలో పూడ్చివేస్తారు. కొన్నేళ్ళకు దానిపై గడ్డి మొలుస్తుంది, తోట చేతులు మారుతుంది, కేబులు ఏ దారిన పోయినదో చెప్పగలవారు ఉండరు.

మామిడి తోటలో మట్టిని కదిలించని ఏడాది ఉండదు. అంతర సేద్యం, పాదులు చేయడం, ఎరువుల కోసం చాళ్ళు తీయడం, డ్రిప్ పైపులు పూడ్చడం, కంచె రాళ్ళు పాతడం సర్వసాధారణం. మామిడి మొక్క నాటడానికి సాధారణంగా సిఫారసు చేసే గుంత మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు కలిగి ఉంటుంది. తక్కువ వోల్టేజి కేబులును పూడ్చవలసిన ప్రామాణిక లోతు 75 సెంటీమీటర్లు మాత్రమే. కాబట్టి నియమం ప్రకారం పూడ్చిన కేబులు కూడా ఈ గుంతకు అడ్డు తగులుతుంది. జానెడు లోతులో పూడ్చినదానికి నాగలి చాలు.

విద్యుత్తు వలన కలిగే హాని

గృహాలకు 230 వోల్టుల సింగిల్ ఫేజ్, వ్యవసాయ మోటార్లకు సుమారు 415 వోల్టుల త్రీ ఫేజ్ విద్యుత్తు సరఫరా అవుతుంది. శరీరం గుండా ప్రవహించే విద్యుత్తు సుమారు 1 మిల్లీ ఆంపియరు ఉంటే చిన్న జలదరింపు తెలుస్తుంది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకొని, పట్టుకున్న తీగను వదలలేని స్థితి రావచ్చును. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పోల్చి చూస్తే 100 వాట్ల బల్బు తీసుకునే విద్యుత్తు 430 మిల్లీ ఆంపియర్లకు పైగా ఉంటుంది.

దీనిని బట్టి ఫ్యూజు మనిషిని ఎందుకు కాపాడలేదో అర్థమవుతుంది. 16 ఆంపియర్ల ఫ్యూజు లేదా ఎం.సి.బి. తీగ వేడెక్కకుండా కాపాడే సాధనం. మనిషి ప్రాణం తీయగల విద్యుత్తు దాని దృష్టికే రాదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని గుర్తించి సరఫరాను నిలిపివేసే ఆర్.సి.సి.బి. అనే సాధనం మనుషుల రక్షణకు ఉద్దేశించినది. తడి నేల, చెమట పట్టిన చేతులు, చెప్పులు లేని కాళ్ళు ప్రమాద తీవ్రతను పెంచుతాయి. నీరు పెట్టిన పాదులో నిలబడి ఇనుప గునపం పట్టుకున్న కూలీకి ఈ మూడూ ఒకేసారి వర్తిస్తాయి.

తీగలు ఉండే చోట్లు

భూమిలో: భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1255 ప్రకారం తక్కువ వోల్టేజి కేబుళ్ళను కనీసం 75 సెం.మీ., 3.3 నుండి 11 కిలోవోల్టుల వాటిని 90 సెం.మీ., 22, 33 కిలోవోల్టుల వాటిని 105 సెం.మీ. లోతున పూడ్చాలి. కేబులు కింద, పైన ఇసుక పోసి, ఆపై ఇటుకలు లేదా పలకలు పరచడం పద్ధతి. తవ్వుతుండగా ఎర్రమట్టిలో ఇసుక చార గాని, వరుసగా పేర్చిన ఇటుకలు గాని, హెచ్చరిక టేపు గాని కనబడితే వెంటనే పని ఆపాలి. ఇవేవీ కనబడనంత మాత్రాన కేబులు లేదని భావించరాదు.

గోడలలో: స్విచ్ బోర్డు, ప్లగ్గు, లైటు పాయింట్ల నుండి నిలువుగా లేదా అడ్డంగా తీగలు పోయే అవకాశం ఎక్కువ. ఆ వరుసలలో మేకులు కొట్టరాదు, డ్రిల్లు చేయరాదు. పాత ఇళ్ళలో మూసివేసిన బోర్డుల వెనుక కూడా సజీవ తీగలు ఉండవచ్చును.

స్లాబులలో: కాంక్రీటు పోయకముందే పైపులను ఫ్యాను పెట్టె నుండి గోడ వరకు దగ్గరి దారిలో ఏటవాలుగా వేయడం వాడుక. కనుక గోడలకు వర్తించే నిలువు, అడ్డం సూత్రం స్లాబుకు వర్తించదు.

కరెంటు లేదనే భ్రమ

పల్లెలలో పనివారు ఎక్కువగా నమ్మే మాట "ఇప్పుడు కరెంటు లేదు" అన్నది. దీనిని నమ్మరాదనడానికి ఐదు కారణాలున్నాయి.

1. వ్యవసాయానికి త్రీ ఫేజ్ విద్యుత్తు నిర్ణీత వేళలలోనే ఇస్తారు. ఆ వేళలు మారవచ్చును, సరఫరా ముందుగానే తిరిగి రావచ్చును.

2. ఇళ్ళ సరఫరాను వేరు చేయని లైన్లలో త్రీ ఫేజ్ లేని వేళల్లో కూడా సింగిల్ ఫేజ్ విద్యుత్తు ఉండవచ్చును. అప్పుడు మోటారు తిరగదు, అయినా తీగ ప్రాణాంతకమే. మోటారు ఆగి ఉండడం రుజువు కాదు.

3. ఆటో స్టార్టరు బిగించిన చోట కరెంటు రాగానే, ఎవరూ మీట నొక్కకుండానే మోటారు దానంతట అదే మొదలవుతుంది. రాత్రి వేళ పొలానికి వెళ్ళే శ్రమ తప్పించుకోవడానికి రైతులు పెట్టుకున్న ఈ సౌకర్యం, గుంతలో ఉన్నవానికి మృత్యువు కాగలదు.

4. ఇంటిలో మెయిన్ ఆపినా ఇన్వర్టరు నుండి కొన్ని తీగలకు సరఫరా కొనసాగుతుంది. స్విచ్చును ఫేజులో కాక న్యూట్రల్‌లో బిగించిన చోట, దీపం ఆరినా తీగలో విద్యుత్తు ఉంటుంది.

5. సౌర పంపుసెట్లలో పలకలపై వెలుతురు పడుతున్నంతసేపు పలకల నుండి కంట్రోలరు వరకు ఉన్న తీగలో వోల్టేజి ఉంటుంది. కంట్రోలరును ఆపినా అది పోదు.

పనికి ముందు, పని సమయంలో

1. తోట యజమానిని, బోరు బిగించిన మెకానిక్కును అడిగి కేబులు దారిని తెలుసుకోవాలి. స్టార్టరు వద్ద, బోరు వద్ద కేబులు భూమిలోకి దిగే రెండు చోట్లను చూడాలి. అయితే వాటి మధ్య కేబులు తిన్నగా పోయినదని అనుకోరాదు.

2. కేబుల్ లొకేటరు దొరికితే వాడాలి. ప్రవాహం వలన ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి పనిచేసే సాధనం, మోటారు ఆగి ఉంటే కేబులును గుర్తించలేకపోవచ్చును. అందువలన మోటారు నడుస్తుండగా దారిని గుర్తించి, ముగ్గుతో గీత గీసి, ఆ తరువాత సరఫరా ఆపి తవ్వాలి.

3. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి, అవి పని చేసే మనిషి వద్దనే ఉంచుకోవాలి. ఆటో స్టార్టరును తొలగించాలి. డబ్బాకు తాళం వేసి "మనుషులు పనిలో ఉన్నారు" అని బోర్డు కట్టాలి.

4. ట్రాన్స్‌ఫార్మరు వద్ద స్విచ్చును గాని, ఫ్యూజులను గాని రైతులు, కూలీలు తాకరాదు. లైన్‌మన్ ద్వారా లైన్ క్లియరెన్స్ (ఎల్.సి.) తీసుకొనే ఆ పని చేయించాలి.

5. తీగలో విద్యుత్తు లేదని ఎలక్ట్రీషియను పరీక్షించాలి. ముందుగా పరీక్షా సాధనం పనిచేస్తున్నదో లేదో, విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట సరిచూడాలి. పిమ్మట ఫేజుల మధ్య, ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్తుకు మధ్య పరీక్షించాలి. చివరగా సాధనాన్ని మరల సరిచూడాలి. నియాన్ టెస్టరు వెలగకపోవడాన్ని రుజువుగా తీసుకోరాదు.

6. గీతకు దగ్గరలో జేసీబీ, గునపం వాడకుండా పారతో పక్కనుండి మట్టిని కొద్దికొద్దిగా తీయాలి. బయటపడిన కేబులును లాగరాదు, దానిపై కాలు పెట్టరాదు.

7. పూడ్చేటప్పుడు ఇసుక, ఇటుకలు, హెచ్చరిక టేపు వేసి, గట్టుల నుండి కొలతలతో పటం గీసి ఉంచుకోవాలి. తరువాత తవ్వేవారికి ఈ కాగితమే రక్ష.

కేబులు దెబ్బతింటే

పార తగిలి కేబులు పై పొర చీలితే, మోటారు నడుస్తున్నది కదా అని మట్టి కప్పివేయడం అతి ప్రమాదకరం. చీలికలోకి తేమ చేరి, వారాలో నెలలో గడిచాక నేలలోకి విద్యుత్తు ప్రసరిస్తుంది. ఆ వేళకు అక్కడ ఉండేది వేరొక మనిషి లేదా పశువు కావచ్చును. మామూలు టేపు చుట్టడం భూమిలో ఉండే కేబులుకు చాలదు. సరఫరా ఆపి, తగిన జాయింటు కిట్టుతో అతికించాలి. కూలీ భయపడి దాచకుండా చెప్పగలగాలంటే, చెప్పినవానిని యజమాని దండించకూడదు.

యంత్రం కేబులును తెంచినట్లయితే డ్రైవరు యంత్రంలోనే ఉండి, ఇతరులను దూరంగా ఉంచి, సరఫరా నిలిచేవరకు వేచి ఉండాలి. ఆంధ్ర ప్రదేశ్‌లో విద్యుత్ పంపిణీ సంస్థకు సమాచారం ఇవ్వడానికి 1912 నంబరు ఉన్నది.

ప్రథమ చికిత్స

షాకు తగిలినవానిని వట్టి చేతులతో తాకరాదు. ముందు సరఫరా ఆపాలి. తక్కువ వోల్టేజి అయి, ఆపడం వీలుకానప్పుడు పొడి చెక్కపై నిలబడి పొడి కర్రతో తీగను తప్పించాలి. 11 కిలోవోల్టుల లైను అయితే దగ్గరకు పోరాదు. 108కి ఫోను చేయాలి. బాధితుడు స్పృహ లేక, మామూలుగా శ్వాస తీయకుండా ఉంటే ఛాతీ మధ్యలో సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఒంటిలోని కరెంటును భూమి లాగివేస్తుందనే నమ్మకంతో మట్టిలో కప్పడం వలన ప్రయోజనం లేదు. షాకు ఆగిన తరువాత ఒంటిలో కరెంటు నిలిచి ఉండదు. విలువైన నిమిషాలు మాత్రం పోతాయి.

నిబంధనలు, ఇటీవలి మార్పులు

దేశంలో విద్యుత్ భద్రతకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన నిబంధనల స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో స్తంభాలను కూల్చివేసిన తరువాత, ప్రపంచ బ్యాంకు సహాయంతో ఆ నగరంలో భూగర్భ కేబుళ్ళ నిర్మాణం చేపట్టారు. గాలివానకు చెక్కుచెదరని ఈ కేబుళ్ళు తవ్వేవారి కంటికి కూడా కనబడవు. తవ్వకానికి ముందు భూగర్భ ఆస్తుల యజమానులకు తెలియజేయడానికి "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్‌ను 2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించినది. అమెరికాలో ఇదే పనికి 811 అనే ఫోను నంబరు 2007 నుండి ఉన్నది. అయితే రైతు సొంతంగా పూడ్చుకున్న బోరు కేబులు ఇటువంటి ప్రజోపయోగ వ్యవస్థల లెక్కలలో ఉండేది కాదు. దాని ఆచూకీ తోట యజమాని గీసి ఉంచిన పటంలోనే దొరకాలి.