నాన్నకు సీరియస్, నాన్న సీరియస్

‘నాన్నకు సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరు’ అని ఊరి నుంచి ఫోనొస్తే కొడుకు చేతిలో పని వదిలేసి బస్టాండుకు పరుగెత్తుతాడు. అదే ఇంటి నుంచి చెల్లెలు ‘అన్నయ్యా, నాన్న సీరియస్‌గా ఉన్నారు, ఇప్పుడప్పుడే ఇంటికి రాకు’ అంటే డాక్టరుతో పనిలేదు. మార్కుల సంగతి తెలిసిపోయి ఉంటుంది, అంతే.

రెండు చోట్లా మాట ఒకటే. అర్థాన్ని మార్చింది ‘కు’ అనే చిన్న విభక్తి, దాని వెంట వచ్చిన క్రియ. ఒంటికీ మనసుకూ దానంతటది కలిగేదాన్ని తెలుగు ‘కు’ పెట్టి చెబుతుంది: నాకు ఆకలిగా ఉంది, ఆమెకు నీరసంగా ఉంది. ‘నాన్నకు సీరియస్‌గా ఉంది’ ఆ వరసలోనే కూర్చుంది. మనిషి వైఖరి చెప్పాలంటే ‘కు’ అక్కర్లేదు: నాన్న హుషారుగా ఉన్నారు, సీరియస్‌గా ఉన్నారు. ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాట మన వ్యాకరణానికి ఇంత బుద్ధిగా లొంగిపోవడం ముచ్చటగానే ఉంటుంది.

ఇంగ్లిష్‌లో ఈ క్రియావిశేషణం ‘సీరియస్లీ’. మనవాళ్లు ఆ తోక కత్తిరించి ‘గా’ తగిలించారు. ‘స్పీడుగా’, ‘నీట్‌గా’, ‘సైలెంట్‌గా’ అన్నీ ఈ పద్ధతిలో తయారైనవే. తెలంగాణ మాటల్లో ఈ ‘గా’ తరచూ పొట్టిదై ‘సీరియస్‌గ’ అని వినిపిస్తుంది. కుర్రకారు మాత్రం నమ్మలేని కబురు విన్నప్పుడు తోకతో సహా ‘సీరియస్లీ?’ అంటున్నారు. ఇదివరకు ఆ పని ‘నిజంగానా?’, ‘ఒట్టు?’ చేసేవి.

ఈ మాట రాకముందు తెలుగువాళ్లకు ఆ భావాలు లేవా అంటే, ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. పిల్లాడు సీరియస్‌గా చదివితే శ్రద్ధగా, దీక్షగా చదివినట్టు. కొత్త కోడలు ఎవరితోనూ మాట్లాడకుండా సీరియస్‌గా ఉంటే ముభావంగా ఉన్నట్టు. సీరియస్‌గా చెబుతున్నా అంటే వేళాకోళం కాదని. నా మాట ఎవరూ సీరియస్‌గా తీసుకోవడం లేదని వాపోయే పెద్దాయన ఒకప్పుడు ‘ఎవరూ ఖాతరు చేయడం లేదు’ అనేవాడు. ఖాతరూ మన సొంతం కాదు, అరబ్బీ మూలం. ఎరువు మాటలు మనకు కొత్తేమీ కాదు.

నిఘంటువులు ముందుగా చూపించే ‘గంభీరంగా’ ఈ చోట్లలో చాలావాటికి అతకదు. సంస్కృతంలో గంభీరమంటే లోతు. అందుకే అది గొంతుకూ నడకకూ ఉపన్యాసానికీ నప్పుతుంది. ‘గంభీరంగా లవ్ చేస్తున్నావా?’ అని ఏ స్నేహితుడైనా అడిగితే నవ్వు ఆగదు. ‘సీరియస్‌గానా, టైంపాసా?’ అన్నదే అసలు ప్రశ్న.

ఆసుపత్రి వార్తల్లో పత్రికలు ‘పరిస్థితి విషమంగా ఉంది’ అని రాస్తాయి. ఇందులో విషమేదో ఉందని అనిపించవచ్చు, కానీ లేదు. విషమమంటే సమం కానిది. మూడు భుజాల పొడవులూ వేర్వేరుగా ఉంటే విషమబాహు త్రిభుజమని బడిలో చదువుకున్నది ఈ మాటే.

చిక్కంతా పత్రికల శీర్షికలతోనే. ‘అధికారులపై సీఎం సీరియస్’, ‘హైకోర్టు సీరియస్’. ఇక్కడ ‘గా’ కూడా పోయింది, క్రియ కూడా లేదు. అర్థం కోపమన్నమాట. ఇంగ్లిష్‌లో సీరియస్ అంటే కోపం కాదు. తెలుగులో ‘సీరియస్ అయ్యాడు’ అంటే మండిపడ్డాడనే. అందులో తప్పేమీ లేదు, మాట మనింటికొచ్చాక మన అర్థమే చెబుతుంది. కానీ ముఖ్యమంత్రి మందలించారా, సంజాయిషీ అడిగారా, సస్పెండ్ చేశారా? న్యాయమూర్తి విచారణలో ఒక మాట అన్నారా, నోటీసులిచ్చారా, ఉత్తర్వే వెలువరించారా? వీటి మధ్య ఎంతో తేడా ఉంది. ఇరుకు కాలమ్‌లో ఇమిడిపోయే ‘సీరియస్’ వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది. నోటిమాటగా అన్న వ్యాఖ్య ఉత్తర్వు కాదు, దాన్ని అమలు చేయాల్సిన పనీ ఉండదు. ఈసారి ‘హైకోర్టు సీరియస్’ కనబడితే శీర్షికతో ఆగకండి. ‘ఆదేశించింది’ అని ఉందో, ‘వ్యాఖ్యానించింది’ అని ఉందో కింద వార్తలో చూడండి.