సిగ్నల్ తగ్గితే ఫోన్ బ్యాటరీ ఎందుకు తొందరగా అయిపోతుంది?

ట్రాన్స్‌మిటర్ అనగానే ఆకాశవాణి స్టేషన్, పెద్ద టవర్ గుర్తొస్తాయి కదా! కానీ మీ జేబులో ఉన్న ఫోన్‌లోనే మొబైల్ నెట్‌వర్క్, వైఫై, బ్లూటూత్ కోసం వేర్వేరు ట్రాన్స్‌మిటర్లు ఉంటాయి. జీపీఎస్ మాత్రం ఈ లిస్టులో లేదు. అది శాటిలైట్ సిగ్నల్స్ వింటుందంతే, తిరిగి ఏమీ పంపదు.

ఎలా పనిచేస్తుంది?

నేను బీటెక్‌లో బట్టీ పట్టిన బ్లాక్ డయాగ్రమే ఇక్కడా ఉంటుంది. ముందు ఆసిలేటర్ ఒక ఫ్రీక్వెన్సీలో క్యారియర్ వేవ్ తయారుచేస్తుంది. మీ మాట, మెసేజ్, ఫోటో ఏదైనా సరే, డేటాగా మారాక మాడ్యులేటర్ దాన్ని ఆ వేవ్ మీదకి ఎక్కిస్తుంది. పవర్ యాంప్లిఫైయర్ దాని బలం పెంచుతుంది. చివరికి యాంటెన్నా గాల్లోకి వదులుతుంది.

బ్యాటరీ తినేది ఎవరు?

ఈ నలుగురిలో అసలు తిండిపోతు పవర్ యాంప్లిఫైయర్. బ్లూటూత్‌కి మామూలుగా కొన్ని మిల్లీవాట్లు చాలు. 4జీ ఫోన్ సాధారణంగా గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల వరకు పంపగలదు. 900 మెగాహెర్ట్జ్ 2జీలో అయితే ఇది 2 వాట్ల వరకు వెళ్తుంది.

ఎప్పుడూ అంత పవర్ వాడదు. ఎంత పవర్‌తో పంపాలో టవర్ ఎప్పటికప్పుడు ఫోన్‌కి చెబుతూ ఉంటుంది. టవర్ దగ్గరుంటే గుసగుస చాలు. దూరమైతే, లేదా లిఫ్ట్‌లోనో బేస్‌మెంట్‌లోనో ఉంటే, ఫోన్ గొంతు చించుకుని అరవాలి. అందుకే రైలు ప్రయాణంలో ఫోన్ వేడెక్కుతుంది, చార్జింగ్ దిగిపోతుంది. స్క్రీన్ మీద బార్స్ మీకు టవర్ ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయి. మీ ఫోన్ టవర్‌కి వినిపించడానికి ఎంత కష్టపడుతోందో చెప్పవు.

టవరే లేకపోతే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్ నెట్‌వర్క్‌లు మూగబోయాయి. పక్కనే ఇంకో ఫోన్ ఉన్నా, టవర్ లేకుండా మామూలు కాల్ కలవదు. అప్పుడు సమాచారం అందించడానికి హ్యామ్ రేడియో ఆపరేటర్లు ముందుకొచ్చారు. వాళ్ల సెట్లు మధ్యలో టవర్ లేకుండా నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. ఆసక్తి ఉంటే పరీక్ష రాసి మీరూ లైసెన్స్ తీసుకోవచ్చు.

నా సలహా ఒకటే. సిగ్నల్ లేని చోట చార్జింగ్ మిగుల్చుకోవాలంటే ఫ్లైట్ మోడ్ పెట్టండి. ఇంట్లో సిగ్నల్ వీక్‌గా ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి. అవసరమైన కాల్ టైమ్‌కి ఆ మిగిలిన 10 శాతమే దిక్కు!