సూది పడితేనే వైద్యమా?

ఉదయం 9 గంటలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. నాట్లు వదులుకుని వచ్చిన కూలీలు, చంకన పిల్లలతో తల్లులు, చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లు. డాక్టరు చూసి, చీటీ రాసి, బిళ్లలు ఇప్పిస్తే చాలామంది మొహాలు చిన్నబోతాయి. "అయ్యా, ఒక్క సూది వేయండి. ఇది బిళ్లలకు లొంగే జ్వరం కాదండీ" అని బతిమాలతారు. కాదంటే సాయంత్రం ఊళ్లో సంచి వైద్యుని దగ్గరకు పోయి, డబ్బులిచ్చి మరీ పొడిపించుకుంటారు. జిల్లాలో చాలా పల్లెల్లో ఇదే తంతు.

సూది అంటే పెద్ద మందు, బిళ్ల అంటే చిన్న మందు అన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. మందు ఒంట్లోకి వెళ్లడానికి చాలా దారులున్నాయి. సూది వాటిలో ఒకటి మాత్రమే. ఆ దారి ఎప్పుడు అవసరమో తెలియక కూలి డబ్బులు పోగొట్టుకుంటున్నారు. ఒక్కోసారి ప్రాణం మీదికీ తెచ్చుకుంటున్నారు.

బిళ్ల వెళ్లే దారి

మింగిన బిళ్ల పొట్టలో కరుగుతుంది. చిన్న పేగు దాన్ని పీల్చుకుంటుంది. అక్కడి నుంచి కాలేయం మీదుగా రక్తంలో చేరి ఒళ్లంతా తిరుగుతుంది. పని అయ్యాక చాలా మందులు మూత్రం ద్వారా బయటికి పోతాయి. జ్వరానికి వాడే పారాసెటమాల్ బిళ్ల అరగంట నుంచి గంటలోపు పని మొదలుపెడుతుంది. అదే పారాసెటమాల్ సూది మందుగానూ దొరుకుతుంది. సూదితో అయితే కాస్త ముందుగా పని చేయవచ్చు. రక్తంలో చేరాక రెండూ ఒకటే.

ఏ దారిన వెళ్లాలో మందును బట్టి, రోగాన్ని బట్టి ఉంటుంది. గుండె నొప్పికి డాక్టర్లు ఇచ్చే ఒక రకం బిళ్లను నాలుక కింద పెట్టుకోవాలి. అక్కడి సన్నని రక్తనాళాలు దాన్ని నిమిషాల్లో పీల్చుకుంటాయి. ఉబ్బసానికి పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది కాబట్టి కొద్ది మోతాదు చాలు. పోలియో చుక్కలు నోట్లో వేస్తారు. గజ్జికి పూత మందు రాస్తారు.

సూదుల్లోనూ తేడాలున్నాయి. క్షయ రాకుండా పుట్టిన బిడ్డకు వేసే బీసీజీ టీకా చర్మం పొరల్లోకి వేస్తారు. షుగరు రోగులు వాడే ఇన్సులిన్ చర్మం కింద కొవ్వులోకి పోవాలి. దాన్ని మింగితే పొట్టలోనే అన్నంలా అరిగిపోతుంది. అందుకే దానికి సూది తప్పదు. కొన్ని మందులు కండకు, కొన్ని నరానికి ఎక్కిస్తారు. పాము కాటుకు విరుగుడు మందు నరానికే ఎక్కించాలి, అదీ ఆసుపత్రిలోనే. స్పృహ లేనివారికి, ఆగకుండా వాంతులయ్యేవారికి కూడా సూదే దిక్కు. మింగగలిగిన మనిషికి మామూలు జ్వరం వస్తే బిళ్ల సరిపోతుంది.

ఆ సూదిలో ఏముంది?

ఊళ్లో వేసే సూదిలో ఏ మందు ఉందో అడిగేవారు తక్కువ. తరచుగా వాడేవి నాలుగు రకాలు. ఒకటి, డైక్లోఫినాక్ వంటి నొప్పి మందు. నొప్పి తగ్గుతుంది గాని, అదే పనిగా వాడితే పొట్టలో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రెండు, యాంటీబయాటిక్. ఇది సూక్ష్మజీవులను చంపుతుంది గాని, వైరస్ వల్ల వచ్చే జలుబు మీద పని చేయదు. అవసరం లేకుండా వాడుతూ పోతే సూక్ష్మజీవులు మొండికెత్తి, అవసరమైన రోజున మందు పారదు. మూడు, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్. ఉబ్బసం వంటి జబ్బుల్లో స్టెరాయిడ్లు ప్రాణం నిలుపుతాయి. అయితే ఒళ్లు నొప్పులకు మాటిమాటికీ వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. సూది పడగానే మంచం మీద మనిషి లేచి కూర్చుంటే "హస్తవాసి మంచిది" అనుకుంటారు. చాలాసార్లు అది స్టెరాయిడు మహిమే. నాలుగు, బలానికని వేసే విటమిన్లు. వీటిలో చాలావరకు తిండిలోనూ, బిళ్లల్లోనూ దొరికేవే.

బలం సీసా కథ

నీరసమని సెలైను ఎక్కించుకోవడం మరో ఆనవాయితీ. అర లీటరు మామూలు సెలైనులో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. 5 శాతం గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల గ్లూకోజు. అంటే అయిదారు చెంచాల పంచదారంత. ఒక ముద్ద అన్నం, మజ్జిగ కడుపులో పడినా అంత సత్తువ వస్తుంది.

విరేచనాలకు సైతం చాలామందికి సీసా అవసరం ఉండదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్‌లోని బనగాం శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైను నిల్వలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు తయారుచేయించి రోగులకు తాగించారు. నూటికి 30 మంది వరకు చనిపోతున్న చోట మరణాలు నాలుగుకు లోపు దిగాయి. ఈనాటి ఓఆర్ఎస్ పొట్లం ఆ కోవలోదే. పెద్ద పొట్లాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి 24 గంటల్లోపు తాగాలి. మిగిలితే పారబోయాలి. బిడ్డ కళ్లు గుంటలు పడి, తాగలేక సోలిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఒక సూది, పది చేతులు

ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్ల క్రిములు, ఎయిడ్స్ క్రిమి వెంట వస్తాయి. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సూదులే తిరిగి వాడడంతో హెపటైటిస్-బి కామెర్లు వ్యాపించి పదుల సంఖ్యలో చనిపోయారు. వేడినీళ్లతో కడిగినంత మాత్రాన సూది శుద్ధి కాదు. కొత్త సూది పొట్లం కళ్లెదుట విప్పితేనే చేయి చాపాలి. పిల్లల పిరుదుకు తప్పు చోట వేస్తే నరం దెబ్బతిని కాలు చచ్చుబడే ప్రమాదమూ ఉంది.

భీమవరం వాసి బిళ్ల

బిళ్ల చిన్నదనుకునేవారు బోదకాలు సంగతి తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. అక్కడ 1940వ దశకంలో బయటపడ్డ మందే డీఈసీ. బోదకాలు రాకుండా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తెచ్చి, ఎదుటే మింగమనేది ఈ బిళ్లనే. రక్తంలో తిరిగే బోద పురుగు పిల్లలను నోట్లో వేసుకున్న ఈ బిళ్ల చంపుతుంది. తిన్నాక వేసుకోవాలి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, జబ్బుతో మంచాన ఉన్నవారికి ఇవ్వరు.

చీటీ చదువుకుంటే

డాక్టరు చీటీలో ఓడీ అంటే రోజుకు ఒకసారి. బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. 500 ఎంజీ అంటే అర గ్రాము. పిల్లల మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పెద్దల బిళ్ల విరిచి పెట్టకూడదు. అట్ట మీద ఎర్ర గీత ఉంటే డాక్టరు చెప్పనిదే వాడరాదు. యాంటీబయాటిక్ వాడుతుండగా జ్వరం తగ్గిందని మధ్యలో సొంతంగా మానేయరాదు. మామూలు క్షయకు మందులు 6 నెలలు వాడాల్సిందే.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు "సూది వేయండి" అనేముందు నాలుగు మాటలు అడిగితే మేలు. ఇది ఏం మందు? ఎందుకు? ఎన్నాళ్లు వాడాలి? బిళ్లతో సరిపోదా? అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారోనన్న మొహమాటం అక్కర్లేదు. ఒంట్లోకి పోయే మందు ఏమిటో తెలుసుకునే హక్కు రోగికి ఉంది.